ఎన్నడుగులొచ్చింది?

ఇద్దరు తెలుగువాళ్ళు దారిలో ఎదురుపడితే కుశలప్రశ్న ఒకటి వేసుకోవడం మర్యాద. ఒక ఊళ్ళో "భోజనాలయినాయా?" అంటారు. ఇంకో ఊళ్ళో "ఎందాకా?" అంటారు. చేతిలో చెంబూ భుజాన తువ్వాలూ పెట్టుకుని ఏటివైపు పోతున్నవాణ్ణి కూడా "ఎందాకా?" అని అడగవలసిందే. మా భద్రాచలంలో మాత్రం ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చేసరికి ఈ ప్రశ్నలన్నీ మూలబడతాయి. కిరాణా కొట్టాయనా, ఆర్టీసీ కండక్టరూ, పాలు పోసే ఆమే, నా క్లాసులో ఆఖరి బెంచీ కుర్రవాడూ అందరూ ఒక్కటే అడుగుతారు: "ఎన్నడుగులొచ్చింది సారూ?"

ఏది వచ్చిందో ఎవరూ చెప్పరు. వ్యాకరణం చెప్పుకు బతికేవాణ్ణి గనుక ఈ వాక్యంలో కర్త లేదని నాకు తోచింది. కాని ఊరంతటికీ తెలిసిన కర్తను మళ్ళీ పేరు పెట్టి పిలవడం దేనికి? ఇంట్లో ఆడవాళ్ళు భర్త పేరు ఎత్తకుండా "వచ్చారా?" అని అడిగే రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మా ఊళ్ళో గోదావరి పరిస్థితి అది.

దేశంలో మీటర్లూ లీటర్లూ వచ్చి అరవై యేళ్ళు దాటింది. బట్ట మీటర్లలో కొంటాం. పాలు లీటర్లలో పోయించుకుంటాం. గోదావరిని మాత్రం ఇప్పటికీ అడుగుల్లోనే కొలుస్తాం. నన్నడిగితే అదే న్యాయం. మీటరు ఎక్కడికీ నడవదు. అడుగు అయితే నడిచి వస్తుంది.

వంతెన దగ్గర నీటిమట్టం 43 అడుగులయితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అయితే రెండవది. 53 అయితే మూడవది, ఆఖరిది. ఇది ప్రభుత్వంవారి లెక్క. మా ఇంట్లో మా ఆవిడ లెక్క ఇంకొకటుంది. మొదటి హెచ్చరికకు ఆవకాయ జాడీలు అటకెక్కుతాయి. రెండవదానికి పట్టుచీరలూ, పిల్లల పుస్తకాలూ, ఇంటి కాగితాలూ. మూడవ హెచ్చరిక కల్లా మేమంతా ఖమ్మంలో మా మామగారింట్లో ఉంటాం. 2022 జూలైలో రెండవ విడత సామానుతో నా ఎమ్మే పట్టా కూడా పైకెక్కింది. ఈ సంగతి విని మా మామగారు, "అల్లుడుగారూ! ఇన్నాళ్ళకి మీ చదువు నిజంగానే అటకెక్కిందన్నమాట" అన్నారు. దానికన్న ఆవకాయ ముందు ఎక్కిందని నేను ఆయనకు మనవి చెయ్యలేదు.

ఆ యేడు 71.3 అడుగులొచ్చింది. వంతెనమీద బండ్లు ఆపేశారు. ఊరు ద్వీపమయింది. అయినా మా పక్కింటి పెద్దాయన దాన్ని పెద్ద వరదగా ఒప్పుకోలేదు. ఆయనకు వరద అంటే ఒక్కటే, 1986 ఆగస్టులో వచ్చింది, 75.6 అడుగులు. మిగతా దేశానికి శాలివాహన శకం ఎలాగో మా ఊరికి ఎనభయ్యారు అలాగ. "మా పెద్దపిల్ల ఎనభయ్యారుకి నెల బిడ్డ" అంటారు. "ఆ ఇల్లు ఎనభయ్యారు తరువాత కట్టింది" అంటారు. 1990లో 70.8 అడుగులొచ్చిన వరదకు పాపం ఈ గౌరవం దక్కలేదు. రెండవ తరగతిలో పాసయిన కుర్రవాడిలాగా అప్పుడప్పుడు పేరు వినబడుతుందంతే.

మీ ఊళ్ళో వాన పడితే మీరు తడుస్తారు. ఇందులో వింత లేదు. మా ఊళ్ళో వ్యవహారం అలా ఉండదు. ఒక్కొక్కప్పుడు ఆకాశంలో మబ్బు తునక ఉండదు. మేడమీద వడియాలు ఎండుతూ ఉంటాయి. ఏరు మాత్రం గంటగంటకూ పెరుగుతూ ఉంటుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన నీరూ, విదర్భ నీళ్ళన్నీ పోగుచేసుకొచ్చే ప్రాణహిత నీరూ, బస్తరు అడవుల్లోంచి ఇంద్రావతి తెచ్చే నీరూ, అన్నీ మా గుమ్మం ముందుగానే పోవాలి. ఎవరి ఊళ్ళోనో కురిసిన వాన మాకు నాలుగురోజులు ఆలస్యంగా తపాలాలో బట్వాడా అవుతుందన్నమాట. పోనీ వచ్చింది వచ్చినట్టు కిందికి పోతుందా అంటే, కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. ఆవిడ కూడా నిండుగా ఉంటే గోదావరికి దారి చాలక వెనక్కి తంతుంది.

ఎనభయ్యారు వరద తరువాత ఊరికి కరకట్ట కట్టారు. మంచి పనే. కాని ఏరు పొంగినప్పుడు ఆ నీరు లోపలికి రాకుండా తూములు మూస్తారు. అదే సమయానికి ఊళ్ళో కుంభవృష్టి కురిసిందనుకోండి, ఆ వాన నీరు బయటికి పోవడానికి ఆ కట్టే అడ్డం. ఇక మోటార్లు పెట్టి లోపలి నీళ్ళు తోడి బయట పోయాలి. ఈ దృశ్యం చూసి మా సంస్కృతం మాస్టారు, "దొంగ రాకుండా తలుపు వేసుకున్నాం, ఇంట్లో ఉన్న అత్తగారు బయటికి పోవడానికి లేదు" అన్నారు. ఆయన అత్తగారు అప్పుడు ఆయనింట్లోనే ఉన్నారు.

ఇలా ఎందుకు నవ్వుతారా అని నేను చాలాకాలం ఆలోచించాను. ఇల్లు మునిగే మనుష్యులకు నవ్వెలా వస్తుంది? ఈ ఊరి దేవుణ్ణి చూశాక నాకు కొంత అర్థమయింది.

మా రాముడి సంసారమే చిత్రమైనది. చైత్ర శుద్ధ నవమి ఆయన పుట్టినరోజు. ఆనాడే ఆయనకు పెళ్ళి చేస్తాం. ఏటికొక్క ఖర్చుతో రెండు వేడుకలూ వెళ్ళిపోతాయి. మధ్యతరగతి సంసారికి ఇంతకన్న ఆదర్శపురుషుడు ఎక్కడ దొరుకుతాడు! పోనీ చల్లని వేళ చేస్తామా? పట్టపగలు పన్నెండింటికి, అభిజిల్లగ్నం. ఖమ్మం జిల్లా ఎండ సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. మాకు రోహిణిదాకా ఆగవలసిన పని లేదు, నవమినాడే రోళ్ళు ఆలోచనలో పడతాయి. ఆ ఎండలో మిథిలా ప్రాంగణంలో వేలమంది కూర్చుని, పానకం తాగి, వడపప్పు తిని, సీతమ్మ మెళ్ళో సూత్రం పడేదాకా కదలరు.

ఆ పెళ్ళికి ముత్యాల తలంబ్రాలు సర్కారు పంపాలి. ఇది గోల్కొండ తానీషా నాటినుంచి వచ్చిన ఆనవాయితీ అని చెప్పుకుంటాం. నవాబు పోయాడు, గోల్కొండ పోయింది, ఎన్నో ప్రభుత్వాలు మారాయి, ముత్యాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. గోదావరి జిల్లా కోరుకొండ నుంచి భక్తులు ఒక్కొక్క గింజా గోటితో ఒలిచిన బియ్యం తలంబ్రాలకు తెస్తారు. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా ఉండగా, శిస్తు రూకలు పెట్టి ఈ గుడి కట్టించి, గోల్కొండ కోటలో పన్నెండేళ్ళు ఖైదు పడ్డాడని తెలుగు పిల్లలందరికీ తెలుసు. రామలక్ష్మణులు వెళ్ళి ఆరు లక్షల మొహరీలు చెల్లించి విడిపించారన్న కథా తెలుసు.

నాకు మాత్రం ఆ కథలో చివరిభాగం కన్న నడిమిభాగం ఇష్టం. ఖైదులో ఆయన మొదట ప్రార్థించాడు. జవాబు లేదు. బతిమాలాడు. జవాబు లేదు. అప్పుడు ఏంచేశాడనుకున్నారు? దేవుడికి బిల్లు పంపాడు! సీతమ్మకు ఫలానా నగ, ఇంత అయింది. లక్ష్మణుడికి ఫలానా, ఇంత. భరతుడికీ, శత్రుఘ్నుడికీ పేరుపేరునా లెక్క. ఇవన్నీ ఎవరు పెట్టారనుకున్నావయ్యా, పెట్టుకుని ఊరేగుతున్నావు అని నిలదీశాడు. ఆ మరుక్షణమే, దెబ్బలు తాళలేక తిట్టాను, మరేమీ అనుకోకు అన్నాడు. మా తెలుగు పాఠంలో దీన్ని నిందాస్తుతి అంటాం. కచేరీ భాషలో చెప్పాలంటే ఇది ఆడిటు అభ్యంతరం. ఎంతయినా తహశీల్దారు కదా!

ఈ ప్రాంతపు హాస్యానికంతటికీ ఆ తహశీల్దారే మూలపురుషుడని నా నమ్మకం. పైవాడిమీద కోపం వస్తే తిట్టు. కాని నోటికొచ్చినట్టు కాదు, లెక్క చూపించి తిట్టు. తిట్టిన తరువాత తలుపు మూసుకోకు, ఎందుకంటే రేపు మళ్ళీ ఆయనతోనే పని. మాకు పైన ఉన్నవాళ్ళు ముగ్గురు: వాన, దేవుడు, సర్కారు. ముగ్గురూ ఆలస్యంగానే వస్తారు. వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తారు. ముగ్గురినీ మేము ఒకే భాషలో పలకరిస్తాం.

సర్కారు సంగతికి వస్తాను. మా రాముడు నాలుగు చేతులతో, సీతమ్మను తొడమీద కూర్చోబెట్టుకుని, గుట్టమీద కూర్చున్న చోటినుంచి కదలలేదు. ఆయన అడ్రసు మాత్రం ఎన్నిసార్లు మారిందో చూడండి. గోల్కొండవారి తరువాత నిజాంవారు. 1860లో గోదావరికి ఈ ఒడ్డంతా ఇంగ్లీషువారికి దఖలు పడింది. 1874లో మద్రాసు రాజధానిలోకి వచ్చింది. తరువాత తూర్పుగోదావరి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014 జూన్‌లో తెలంగాణ వచ్చింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. బదిలీల మీద బదిలీలు పడ్డ మా లెక్చరర్లకు కూడా ఇన్ని అడ్రసులు లేవు. మేము సామాను మోసుకుని ఊళ్ళు మారతాం. ఆయన కూర్చున్న చోటే కూర్చుని రాజ్యాలు మారాడు.

2014లో మారినది ఇంకొకటుంది. పోలవరం ముంపులోకి వచ్చే మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం మండలంలో ఊరు మాత్రం తెలంగాణకు మిగిలింది, చుట్టూ ఉన్న పల్లెలు అటు వెళ్ళాయి. గుడి ఇటు, గుడి మాన్యాలున్న పురుషోత్తపట్నం అటు. ఊళ్ళో చెత్త పారబోసుకునేందుకు స్థలం వెతికితే ఊరు అయిపోయి పక్క రాష్ట్రం వచ్చేస్తుంది. ఇక్కణ్ణుంచి దుమ్ముగూడెం, చర్ల వెళ్ళే బస్సు తెలంగాణలో బయల్దేరి, కాసేపు ఆంధ్రలో నడిచి, మళ్ళీ తెలంగాణలో పడుతుంది. మొదట్లో ఒక ముసలమ్మ ఈ సంగతి విని కండక్టరును, "నాయనా, నడుమ టిక్కెట్టు మార్చుకోవాల్నా?" అని అడిగింది. "అక్కర్లేదమ్మా, టిక్కెట్టు ఒకటే. బాధ ఇటు చెప్పుకోవాలో అటు చెప్పుకోవాలో అదే తేలదు" అన్నాడాయన. రాజనీతి శాస్త్రంలో ఇంతకన్న క్లుప్తమైన పాఠం నేను వినలేదు.

2022 వరదకు పోలవరం వెనుక నీళ్ళే కారణమని ఇటువారన్నారు, కాదని అటువారన్నారు. ఈ కుండపోతల వెనుక విదేశాల కుట్ర ఉన్నదని కొందరంటున్నారని, ఊరు చూడవచ్చిన నాటి ముఖ్యమంత్రిగారే అన్నారు. ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర ఒక ఆటో డ్రైవరు, "ఇన్నేళ్ళకి విదేశాలోళ్ళకన్నా మన ఊరు గుర్తొచ్చింది, సంతోషం" అన్నాడు. వాడి ఆటో అప్పటికి మూడు రోజులుగా నీళ్ళల్లో ఉంది.

పైవాళ్ళను ఇలా అడగడం పట్నవాసం వాళ్ళకే వచ్చుననుకోకండి. ఈ గుడి స్థలపురాణమే అడవిలో మొదలవుతుంది. పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ స్వామిని కనుక్కుని, పందిరి వేసి, పండు పెట్టి కొలిచిందని కదా చెప్పుకుంటాం. ఆ అడవిలో కోయలు ఎండాకాలం చివర, విత్తనం నేలలో పడకముందు, భూమి పండుగ చేస్తారు. మగవాళ్ళు విల్లంబులు పుచ్చుకుని వేటకు పోవాలి. వట్టిచేతులతో వచ్చినవాణ్ణి ఆడవాళ్ళు పేడనీళ్ళతో అభిషేకిస్తారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా ఒక గడ పెట్టి, పాడుతూ ఆడుతూ, వచ్చే పోయే బండ్లను ఆపి పండగ డబ్బులు అడుగుతారు. లారీ అయినా ఒకటే, అధికారిగారి కారయినా ఒకటే.

ఒకసారి చింతూరు దారిలో మా బస్సునాపారు. అందరం తలా పదో ఇరవయ్యో ఇచ్చాం. ఖద్దరు చొక్కా వేసుకున్న ఒకాయన మాత్రం, "రసీదు ఇస్తారా?" అని వేళాకోళమాడాడు. ఆ గడ పట్టుకున్న పెద్దామె తడుముకోలేదు. "రోడ్డు గేటుకాడ రసీదు ఇస్తరు, వాన ఇస్తరా? మేము వాన ఇప్పిస్తం, రసీదు ఇయ్యం" అంది. బస్సంతా ఘొల్లుమంది. ఆయన యాభై రూపాయల నోటు తీశాడు. ఆ వారంలోనే తొలకరి పడింది. దానికీ దీనికీ సంబంధం ఉందని నేననను. లేదని ఆమె ముందు అనే ధైర్యమూ నాకు లేదు.

ఇంతవరకూ నవ్వే కథలు చెప్పాను. నవ్వు ఒకచోట ఆగిపోయిన సంగతి కూడా చెప్పాలి.

మా డిగ్రీ విద్యార్థులకు "మా ఊరు" అని ఒక వ్యాసం ఇచ్చాను. ఇలాంటి వ్యాసాలన్నీ ఒకేలా ఉంటాయి. మా ఊరు అందమైనది, మా ఊళ్ళో బడి ఉన్నది, గుడి ఉన్నది. కూనవరం వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న కోయ కుర్రవాడొకడు మాత్రం వేరుగా రాశాడు. మా ఊరు శబరి ఒడ్డున ఉండేది. మా ఊళ్ళో యాభై ఇప్పచెట్లు ఉండేవి. వేసవి తెల్లవారుజామున పూలు రాలేవి, మా అవ్వ బుట్ట పట్టుకుని ఏరేది. రెండు పుటలూ ఇదే వరుస, అంతా భూతకాలం. వాణ్ణి పిలిచి, "ఏమయ్యా, మీ ఊరు ఉందిగా? మొన్న సెలవులకు వెళ్ళొచ్చావుగా? మరి 'ఉండేది' అన్నావేం?" అని అడిగాను.

"ఉంది సార్. కాని కాయితాల్లో పోయినట్టే రాసుకున్నారు. నేను కాయితం చూసి రాశాను" అన్నాడు.

క్లాసు నిశ్శబ్దంగా ఉంది. వాడే మళ్ళీ, "మా నాయన మాత్రం ఈ యేడు కూడా ఇల్లు కొత్తగా కప్పించాడు సార్. ఆయన్ది వర్తమానకాలం" అని నవ్వాడు. అప్పుడు పిల్లలందరూ నవ్వారు. నేను కలానికి మూత పెట్టి కాసేపు కిటికీలోంచి బయటికి చూశాను.

వాడి ఊరి సంగతి ఇది. మేము గోదావరిని అడుగుల్లో కొలుస్తామని చెప్పానే, ఆ పల్లెల మునకను సర్కారు మీటర్లలో కొలిచింది. పోలవరం నిండితే నీటిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశ 41.15 మీటర్లు. మొదటి గీత కిందికి వచ్చిన ఊరు ముందు కదలాలి. రెండు గీతల నడుమ ఉన్న ఊరు ఆగాలి. కొన్ని ఊళ్ళవాళ్ళు పునరావాస కాలనీలకు వెళ్ళారు. కొన్ని ఊళ్ళు అక్కడే ఉన్నాయి. 2022 జూలైలో నీరు ఈ గీతలు చదువుకుని రాలేదు. మొదటి గీతలో లేని ఊళ్ళలో కూడా ఇళ్ళు మునిగాయని అక్కడివాళ్ళు మొత్తుకున్నారు. గుట్టలెక్కి టార్పాలిన్ల కింద పిల్లలతో రోజులు గడిపారు.

ఆనకట్ట వద్దని నేను రాయడం లేదు. డెల్టాలో పొలాలున్న చుట్టాలు నాకూ ఉన్నారు. నీటి విలువ నాకూ తెలుసు. కాని తెలుగు వ్యాకరణంలో తద్ధర్మార్థకమని ఒకటుంది. ఇచ్చును, చేయును, కట్టించును. ఎప్పుడో చెప్పనక్కర లేదు. నిన్నయినా రేపయినా ఎల్లకాలమయినా చెల్లుతుంది. సర్కారువారి క్రియలన్నీ ఆ కాలంలోనే ఉంటాయి. పంట వేసుకునేవాడికి ఆ కాలం పనికిరాదు. ఈ జ్యేష్ఠంలో విత్తనం చల్లాలా వద్దా, పిల్లవాణ్ణి ఏ ఊరి బడిలో వెయ్యాలి, ఇల్లు కప్పించాలా వద్దా అన్నవి ఆ కుర్రవాడి తండ్రికి వేళాకోళం ప్రశ్నలు కావు. పోయే ఊరికి కొత్తగా ఇల్లు కప్పించడం పిచ్చి అనేవాళ్ళుంటారు. పోనీ, కప్పు కారుతున్న ఇంట్లో ఎన్ని వానాకాలాలు ఎదురుచూడమంటారో ఆయనకెవరయినా చెప్పారా?

గోదావరిని మేమెంత తిట్టుకున్నా ఒక మర్యాద మాత్రం ఒప్పుకోవాలి. అది చెప్పి వస్తుంది. 43కి ఒకమాట, 48కి ఒకమాట, 53కి ఒకమాట. జాడీలు సర్దుకునే వ్యవధి ఇస్తుంది. అడవిలో పుట్టి పెరిగిన మనుష్యుణ్ణి కదలమనేటప్పుడు ప్రభుత్వాలు కూడా ఆపాటి మర్యాద పాటించాలి. ఏ నెలలో కదలాలి, ఎక్కడికి, అక్కడ పొలం ఉందా, ఇప్పచెట్టు ఉందా, చేతికెంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది? తేదీతో, అంకెతో, సంతకంతో చెప్పాలి. రామదాసు దేవుణ్ణే లెక్క అడిగిన తాలూకా ఇది. మంత్రులను అడిగితే తప్పేముంది?

ఆ వ్యాసం ఇంకా నా బల్లమీదే ఉంది. మార్కులు వేసేశాను, బాగా వచ్చాయి. క్రియల కింద ఎర్రగీత గీయలేదు. మొన్న వాడు వచ్చి, మా ఊళ్ళో ఇప్పపువ్వు రాలుతోంది సార్, రెండు రోజులు సెలవు కావాలి అన్నాడు. అవ్వ ఒక్కతే ఏరలేకపోతోందిట. వెళ్ళిరమ్మన్నాను.